దీపమునకు పూచీ ఎవరిది?

శ్రీకాకుళము జిల్లాలో వంశధారా నది యొడ్డున శ్రీముఖలింగమను గ్రామము కలదు. తూర్పు గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ఇదియేయని పండితులు పెక్కుమంది యభిప్రాయము. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఇచ్చటి శాసనములను శ్రమపడి చదివి ఆ సంగతిని లోకమునకు వెల్లడించిరి. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయములు మూడును నేటికిని నిలిచి యాత్రికుల నాకర్షించుచున్నవి. మధుకమనగా ఇప్పచెట్టు. ఆ చెట్టు మొదట శివుడు ముఖముతో వెలసెనని స్థలపురాణము చెప్పును.

ఈ యాలయముల శాసనములలో అఖండదీపములకు చేసిన దానములు పెక్కు కనబడును. దీపము పెట్టించినవారి పేరును, ఆ దీపము ఆరకుండ నిలుచుటకై యేర్పరచిన యాధారమును రాతిమీద చెక్కించుట ఆనాటి ఆచారము. దీపము వెలిగించినంత మాత్రమున పని తీరలేదు. దానికొక పూచీ యుండవలెనని మన పెద్దలు తలచిరి.

నేడు మన యిండ్లలో వెలుగు దీపములకు నూనెయు లేదు, వత్తియు లేదు. గోడలోపల కంటికి కానరాక పారు విద్యుత్తే వానికి చమురు. కాని ఆ తీగ నమర్చిన చేయి ఎవరిది? అతడు ఆ పని నేర్చినవాడని యెవరు పరీక్షించిరి? రేపు హాని కలిగినచో ఉత్తరవాది యెవరు? ఈ ప్రశ్నలకు పదియిండ్లలో తొమ్మిదింట జవాబు దొరకునో లేదో సందేహమే. దానకర్త పేరు రాతిమీద చెక్కించిన యూళ్లలోనే, ప్రాణములతో ముడిపడిన తీగెల పనికి పేరులేని పరిస్థితి యేర్పడినది.

తీగలపని పురుషుల వ్యవహారము, మనకేల యని సోదరీమణులు కొందరు తలంప వచ్చును. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రములు కలిసి నిర్మించిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పని ప్రారంభించినది మొదలు ఉత్తరాంధ్ర పల్లెలకు విద్యుత్తు క్రమక్రమముగా వ్యాపించినది. తొలుత ఇంటికొక దీపము, పిదప పంకా, నేడు మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జి, ఇస్త్రీపెట్టె, నీటిమోటారు. వీనిని దినమున కెన్నిసార్లు తాకుదుమో, అందెన్నిసార్లు తడిచేతితో తాకుదుమో లెక్కించి చూడుడు. తీగ బిగించినవాడు ఒక పూట పని చేసి పోవును. దానితో కాపురము చేయునది మనము. కావున ఈ విషయమున ప్రశ్నించు హక్కు అందరికన్న మనకే యెక్కువగా కలదని మేము తలంచుచున్నాము.

చట్టమేమి చెప్పుచున్నది?

ఇంటి తీగలపని ఎవరుపడితే వారు చేయరాదను నియమము కొత్తది కాదు. 1956 నాటి భారత విద్యుత్ నియమములలోనే అది యుండెను. 2003వ సంవత్సరపు విద్యుచ్చట్టము వచ్చిన పిదప కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలను చేసినది. 2023లో వానిస్థానమున క్రొత్త నిబంధనలను ప్రకటించినది. పేర్లు మారినవి కాని మూలసూత్రము మారలేదు.

దాని సారాంశమిది. కాలిపోయిన బల్బును మార్చుట, ఫ్యూజు వేయుట, చెడిన స్విచ్చి స్థానమున అట్టిదే మరియొకటి బిగించుట మున్నగు చిన్నపనులకు అడ్డు లేదు. కాని క్రొత్తతీగ లాగుట, క్రొత్తగదికి కనెక్షను పొడిగించుట, మోటారునకు ప్రత్యేకముగ తీగ వేయుట, ఉన్న యేర్పాటును మార్చుట అనునవి ప్రభుత్వపు లైసెన్సు పొందిన కాంట్రాక్టరు ద్వారానే జరుగవలెను. ఆ పనిని సామర్థ్యపత్రము గల సూపర్‌వైజరు దగ్గరనుండి చూడవలెను. పనిముట్టు పట్టు మనిషికి పర్మిట్టు ఉండవలెను.

ఇందు మూడు పత్రములున్నవి. వీనిని గజిబిజి చేసికొనరాదు. పర్మిట్టు చేతిపనివానిది. సామర్థ్యపత్రము ఆ పనిని తనిఖీచేయు మేస్త్రీది. లైసెన్సు మొత్తము పనిని ఒప్పుకొని, పరీక్షించి, సంతకముచేయు కాంట్రాక్టరుది. కాంట్రాక్టరు తీగల యింసులేషనును పరీక్షించు మెగ్గరు, ఎర్తును కొలుచు పరికరము మొదలగువానిని తనయొద్ద నుంచుకొనవలసియుండును. పని ముగిసిన తరువాత పరీక్షలు జరిపి, ఫలితములు వ్రాసి, సంతకము పెట్టిన పత్రమును అతడీయవలెను. పూర్వము రాతిమీద చెక్కిన పేరువంటిదే ఈ సంతకము.

పత్రము వెనుకనున్న విద్య

“అక్కా, ఇరవై యేండ్లనుండి ఈ పనే చేస్తున్నాను. కాగితమెందుకు? దీపము వెలిగిందా లేదా చూడండి” అను మాట తరచు వినబడును. అతడు చెప్పినది అసత్యము కాదు. దీపము వెలుగును. చిక్కంతయు అచ్చటనే యున్నది. తప్పుగా బిగించినను దీపము వెలుగును, పంకా తిరుగును. మంచిపనికిని చెడుపనికిని గల భేదము ప్రమాదము జరుగు క్షణమువరకు కంటికి కానరాదు.

ఒక యుదాహరణము చెప్పెదము. స్విచ్చిని ఫేజు తీగమీద పెట్టవలెను. పొరపాటున న్యూట్రలు తీగమీద పెట్టినచో స్విచ్చి కట్టగానే దీపమారును. ఇల్లాలు విద్యుత్తు ఆగినదని నమ్మి, బల్బు హోల్డరును తుడువబోవును. కాని ఆ హోల్డరులో ఫేజు సజీవముగానే యుండును. దీపమారినది, అపాయ మారలేదు. ఈ తప్పును వంద దినములు దీపము చూచినను కనిపెట్టలేము. పరీక్షించు పరికరమొక్కటియే చెప్పగలదు.

మరియొక సంగతి ఇంతకన్న ముఖ్యమైనది. ఇంటిలో ఫ్యూజు కలదు గనుక భయములేదని చాలమంది ధైర్యము. ఈ నమ్మకము పొరపాటు. మన యింటికి వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. 9 వాట్ల చిన్న ఎల్‌.ఇ.డి. దీపము వెలుగుటకు సుమారు 40 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము చాలును. మనిషి దేహముగుండా అంతటి ప్రవాహము కొంతసేపు పోయినచో గుండెకే ప్రమాదము. అయిదు ఆంపియర్ల ఫ్యూజు తెగవలెనన్న దానికి నూరురెట్లకు పైగా ప్రవాహము కావలెను! అనగా మనిషి నేలకూలినను ఫ్యూజు చెక్కుచెదరక నిలిచియుండును. ఫ్యూజు తీగలను కాలకుండ కాపాడుటకు పెట్టినది, మనిషిని కాపాడుటకు కాదు.

మనిషిని కాపాడునవి రెండు. మొదటిది ఎర్తు. ఇనుపశరీరము గల గ్రైండరు, మోటారు, ఫ్రిజ్జి మున్నగువానిలో లోపలి తీగ చెడి పైడొక్కకు తగిలినప్పుడు, విద్యుత్తు మన దేహమునకు బదులు సులభమైన దారిని భూమిలోనికి పోవుటకు ఎర్తుతీగ యుపయోగపడును. మూడుముళ్ల ప్లగ్గులో లావుగా, పొడవుగా నుండు ముల్లు దానిదే. అది పొడవుగా నుండుటకు కారణము, ప్లగ్గు పెట్టునపుడు అన్నిటికన్న ముందు తగిలి, తీయునపుడు అన్నిటికన్న చివర విడివడుటకే. సాకెట్టులో పట్టలేదని ఆ ముల్లును విరుగగొట్టువారిని చూచియున్నాము. అది కవచకుండలములను కోసి యిచ్చుటవంటిది. కర్ణునికైన దాని ఫలమేమో తెలిసియుండెను.

రెండవది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి రక్షక స్విచ్చి. పోయిన ప్రవాహము తిరిగి రాక ఎక్కడనో దారితప్పినచో అది కనురెప్పపాటులో విద్యుత్తును ఆపివేయును. దానిమీద పరీక్షించు చిన్న మీట యుండును. నెలకొకసారి దానిని నొక్కి, స్విచ్చి పడిపోవుచున్నదో లేదో చూచుకొనుట ఇల్లాలు స్వయముగా చేయదగిన పని.

ఎర్తు గొయ్యి నెవ్వరును పట్టించుకొనరు. గొట్టమునో పలకనో భూమిలో దించి, చుట్టును బొగ్గు, ఉప్పు నింపి, నేల తడిగా నుండునట్లు చూచుట దాని పద్ధతి. వేసవిలో నేల యెండినచో దానిశక్తి సన్నగిల్లును. తులసికోటకు నీరు పోయునపుడు దానికిని ఒక చెంబెడు పోయు నలవాటు చేసికొన్నచో రెండును ఇంటికి రక్షణమే.

ఇనుపదండెము ప్రమాదము

పల్లెలలో మరియొక ప్రమాదము కలదు. దానికి బలియగువారిలో స్త్రీలే యెక్కువగా కనబడుదురు. ఇంటిముందరి స్తంభమునుండి వచ్చు సర్వీసు తీగకు ఆధారముగా లాగిన ఇనుపతీగకో, ఇనుపగొట్టమునకో బట్టలారవేయు దండెమును కట్టుదురు. గాలికి తీగమీది తొడుగు ఒరసికొని చిరిగినచో, ఆ దండెమంతయు విద్యుత్తుతో నిండియుండును. తడిబట్ట పట్టుకొని, తడినేలమీద నిలిచిన మనిషికి అంతకన్న యపాయమైన పరిస్థితి లేదు. దండెమునకు నైలాను త్రాడు వాడుట, దానిని సర్వీసు తీగకు దూరముగా కట్టుట అను రెండు చిన్నపనులు ప్రాణములను నిలుపును.

ఎవరైనను విద్యుత్తుకు చిక్కినపుడు వట్టిచేతితో పట్టి లాగరాదు. మొదట మెయిను స్విచ్చి కట్టవలెను. అది సాధ్యముకానిచో పొడికఱ్ఱతో మనిషిని తీగనుండి వేరుచేయవలెను. ప్రేమచే తొందరపడి తాకినవారు తామును చిక్కుకొందురు.

మన జిల్లాకు తుపానులు కొత్తవి కావు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు వేలకొలది విద్యుత్ స్తంభములు కూలినవి, వంశధార పొంగినది. నీరు మునిగిన యింటిలో తీగలు పరీక్షింపకయే మరల విద్యుత్తు పెట్టుట తగదు. గోడలు తడిసియుండును, స్విచ్చిపెట్టెలలో బురద చేరియుండును. అట్టి దినములలో పర్మిట్టుగల మనిషి ఊరిలో నుండుట ఎంత భాగ్యమో అనుభవించినవారికే తెలియును.

పండుగ సంగతియు నిట్టిదే. శివరాత్రికి శ్రీముఖలింగమున వేలాది జనము కూడుదురు. పిదప స్వామివారి చక్రతీర్థస్నానము వంశధారలో జరుగును. నది యిసుక, తడిబట్టలు, జనసమ్మర్దము, తాత్కాలికముగ లాగిన దీపాల తోరణములు ఇన్నియు నొకచోట చేరును. ఇట్టి తావుల తాత్కాలిక కనెక్షనునకు అనుమతి, లైసెన్సుగల చేతిపని ఉండవలెనన్న నియమము కేవలము కాగితపు కట్టుబాటు కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

పర్మిట్టు పొందుమార్గము

ఇంతవరకు చెప్పినదానినిబట్టి, పర్మిట్టు లేని ఊరి పనివానిని మేము నిందించుచున్నామని తలపవలదు. అతడు అర్ధరాత్రి పిలిచినను వచ్చువాడు. గురువువద్ద చేతిపని నేర్చి కుటుంబమును పోషించుకొనువాడు. అతనిని తరిమివేయుట కాదు, అతనిచేత పత్రము తెప్పించుట మన పని.

దారి యసాధ్యమైనది కాదు. పదవతరగతి యుత్తీర్ణులైనవారు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ శాఖలో రెండేండ్లు చదువవచ్చును. వైర్‌మన్ శాఖయు రెండేండ్లదే. పాలిటెక్నిక్కులో ఎలక్ట్రికల్ డిప్లొమా పొందినవారు సూపర్‌వైజరు సామర్థ్యపత్రమునకు ప్రయత్నింపవచ్చును. పర్మిట్టులు, సామర్థ్యపత్రములు, కాంట్రాక్టరు లైసెన్సులు ఇచ్చుట రాష్ట్రప్రభుత్వపు విద్యుత్ లైసెన్సింగు బోర్డు పని.

ఇచ్చట రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. ఐ.టి.ఐ. సర్టిఫికెటు చదువునకు సాక్ష్యము. పర్మిట్టు పని చేయుటకు అనుమతి. మొదటిది యున్నంతమాత్రమున రెండవది యున్నట్లు కాదు. మరియు ఈ పత్రములకు కాలపరిమితి యుండును. గడువు తీరకముందే వానిని పొడిగించుకొనవలెను. పెట్టెలో దాచిన పాతపత్రము పాడైన తాళముతో సమానము.

మరియొక భేదమును కూడ గుర్తుంచుకొనవలెను. వీధిలోని స్తంభము, మీటరువరకు వచ్చు తీగ పంపిణీ సంస్థవి. మన ప్రాంతమున ఆ సంస్థ విశాఖపట్టణము కేంద్రముగా గల తూర్పు విద్యుత్ పంపిణీ సంస్థ. ఇంటిలోపలి తీగెలు మనవి. పర్మిట్టు గలవాడైనను సంస్థ స్తంభమెక్కి ఫ్యూజు వేయరాదు. ఊరిలో విద్యుత్తు పోయినపుడు “తమ్ముడూ, ఒక్కసారి స్తంభమెక్కి చూడు” అని బ్రతిమాలు దయగల తల్లులు ఈ సంగతి మరువరాదు. ఆ తమ్మునికిని ఇంటివద్ద ఎదురుచూచు తల్లి కలదు.

ఆడపిల్లలు చేయగలరా?

ఈ ప్రశ్నకు జవాబు మన తెలుగింటి చరిత్రలోనే యున్నది. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మద్రాసున తెలుగు కుటుంబమున జన్మించిరి. పదునైదవయేట వివాహము; పదునెనిమిదవయేట వైధవ్యము; ఒడిలో నాలుగునెలల ఆడుశిశువు. ఆనాటి వితంతువునకు ముందున్న దారి యెట్టిదో మన పాఠకురాండ్రకు వర్ణించి చెప్పనక్కరలేదు. ఆమె మరియొక దారిని త్రొక్కిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. ఆయన తోడ్పాటుతో 1940లో అదే కళాశాలలో ఎలక్ట్రికల్ శాఖలో చేరి, 1943లో చదువు పూర్తిచేసిరి. అచ్చువేసిన పట్టాలో “అతడు” అని యుండగా దానిని కొట్టివేసి “ఆమె” యని దిద్దవలసివచ్చెను. పట్టా ముద్రించినవారు స్త్రీ యొకతె ఆ చదువు చదువునని కలలోనైన తలపలేదు! పిదప ఆమె కలకత్తాలోని విద్యుత్ పరిశ్రమలో పనిచేసి, భాక్రానంగల్ ఆనకట్ట విద్యుదుత్పాదనకు సంబంధించిన పనిలో పాల్గొనిరి. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల ప్రథమ అంతర్జాతీయ సమావేశమునకు హాజరైరి. ఆమె 1979లో కాలధర్మము నొందిరి.

సీమలో కెరొలిన్ హాస్లెట్ అను వనిత 1924లో స్థాపితమైన మహిళా విద్యుత్సంఘమును నడిపి, గృహిణులకు విద్యుత్తుగూర్చి పాఠములు చెప్పించెను. యుద్ధకాలమున ఇండ్లకు కావలసిన ప్లగ్గు, సాకెట్టులను నిర్ణయించు సంఘములో ఆమె యొక్కతెయే స్త్రీ. పసిపిల్లలు వ్రేలు దూర్చినను హానిలేకుండ మూతలుగల సాకెట్టు ఆ చర్చలనుండి వెలువడి, 1947లో ఆ దేశపు ప్రమాణమైనది. ఇంటిలో బిడ్డను పెంచు చేతికి తోచు జాగ్రత్త శాస్త్రమునకు పనికిరాదని యెవరనగలరు?

మన కాలపు వృత్తాంతము ఇంకను దగ్గరిది. తెలంగాణమున 2019లో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగములకు ప్రకటన వెలువడినపుడు స్త్రీలకు అవకాశము లేకపోయెను. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష మరియొక యువతితో కలిసి హైకోర్టు నాశ్రయించెను. న్యాయస్థానము అనుమతింపగా 2020 డిసెంబరులో స్తంభమెక్కు పరీక్షకు నిలిచెను. ఎనిమిది మీటర్ల స్తంభమును నిమిషములోపల నెక్కవలెనను పరీక్ష యది. ఆమె నెగ్గెను. 2021లో ఉద్యోగమున చేరి ఆ రాష్ట్రపు తొలి లైన్‌ఉమన్ అయ్యెను.

లలితగారి పట్టాలో ఒక మాట కొట్టివేయవలసి వచ్చెను. శిరీష విషయమున ఒక నియమము సడలవలసివచ్చెను. ఈ రెంటికిని నడుమ దాదాపు ఎనుబది యేండ్లు గడచినవి. ఇంటిలోపలి వైరింగు పనికి స్తంభము లెక్కవలసిన యవసరమైనను లేదు. చట్టములో పర్మిట్టునకు ఆడ, మగ యను భేదము లేదు. మధ్యాహ్నమున ఇల్లాలొక్కతెయే యుండు ఇంటికి పర్మిట్టుగల యాడుపిల్ల వచ్చి పంకా బాగుచేసి పోవుట ఇరువురకును ఎంత సుకరమో ఆలోచింపుడు. కుట్టుమిషను నేర్పించినట్లే ఈ విద్యను గూడ మన బాలికలకు నేర్పింపవలెనని మా విన్నపము.

ఇక గృహిణి చేయవలసినది కొంచెమే. ఈసారి తీగలపనికి మనిషి వచ్చినపుడు మంచినీళ్లిచ్చి, మెల్లగా మూడు మాటలడుగుడు. “తమ్ముడూ, నీ పర్మిట్టు చూపించు. ఎర్తు ఎక్కడ వేసినావు? పని ముగిసినాక పరీక్షించి సంతకము పెట్టిన కాగితమెవరిస్తారు?” మొదటిసారి అతడు నవ్వవచ్చును. రెండవ యింటను, మూడవ యింటను అదే ప్రశ్న యెదురైనచో, నవ్వు మాని దరఖాస్తు వ్రాయును. ఊరిలోని స్త్రీలందరును కలిసి అడిగిన ప్రశ్నను ఏ పనివాడును దాటలేడు.

ముఖలింగేశ్వరుని సన్నిధిని దీపము పెట్టించిన పుణ్యాత్ములు పూచీని రాతిమీద వ్రాయించి పోయిరి. మన యింటి దీపమునకు అంతటి రాయి యక్కరలేదు. ఒక కాగితము, దానిమీద నొక నిజమైన సంతకము చాలును.